కళ్ల వెంట నీళ్లు కారుతుంటే పొడి కన్ను అంటారేంటి?

కంటి ఆసుపత్రి ఓపీలో రోజూ కనిపించే దృశ్యమే ఇది. యాభై దాటిన ఒకావిడ చీర చెంగుతో మాటిమాటికీ కళ్లు ఒత్తుకుంటూ కూర్చుంటుంది. గుమ్మం దాటి గాలి తగిలితే చాలు, కళ్ల వెంట ధారగా నీళ్లు. నంబరు పిలిచాక లోపలికి వెళ్తే, నాలుగు పరీక్షలు చేసి డాక్టరు చెప్పే మాట: "మీకు డ్రై ఐ ఉందమ్మా. కళ్లు పొడిబారాయి." ఆవిడ పక్కనున్న కూతురి వంక చూస్తుంది. నీళ్లు ఆగట్లేదని వస్తే నీళ్లే లేవంటాడేంటి ఈయన? రాసిచ్చిన చుక్కల మందు కొంటారు గానీ, నీళ్లు కారే కంట్లో మళ్లీ నీళ్లు పోసుకోవడమేంటన్న అనుమానంతో ఆ సీసా నాలుగు రోజులకే ఫ్రిజ్ డోర్‌లోకి చేరుతుంది.

ఆవిడ అనుమానం సబబే. చిక్కంతా పేరులోనే ఉంది. డ్రై ఐ అనగానే ఎండిపోయిన చెరువు గుర్తొస్తుంది, నీళ్లు పోస్తే సరిపోతుందనిపిస్తుంది. ఈ జబ్బుతో ఓపీకి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి నీళ్లు బాగానే ఊరుతుంటాయి. ఊరిన నీరు కంటిమీద నిలవదు, అంతే. నీళ్లు తక్కువై వచ్చిన పొడితనం వేరు, నీళ్లు నిలవక వచ్చిన పొడితనం వేరు. మందు షాపులో రెండింటికీ ఒకే సీసా చేతిలో పెడతారు. ఏళ్ల తరబడి చుక్కలు వేసుకుంటున్నా గుణం కనిపించట్లేదనే ఫిర్యాదు చాలావరకు ఇక్కడే మొదలవుతుంది.

ఏడు మైక్రోలీటర్ల సంగతి

కంటిమీద ఏ క్షణాన చూసినా ఉండే కన్నీరు సుమారు 7 మైక్రోలీటర్లు. ఒక టీస్పూను నిండాలంటే ఏడొందల కళ్లలోని తడి పోగుచేయాలి. ఆ కాస్త నీరే నల్లగుడ్డు (కార్నియా) మీద 3 మైక్రాన్ల మందాన, అంటే తల వెంట్రుక మందంలో దాదాపు ఇరవయ్యో వంతుగా పరుచుకుని ఉంటుంది. మనం చూసే ప్రతి దృశ్యమూ ముందు ఈ పొరలోంచే లోపలికి వెళ్లాలి. పొర నున్నగా ఉంటే చూపు తేటగా ఉంటుంది. చెదిరితే అక్షరాలు మసకబారి, రెప్ప కొట్టగానే మళ్లీ కుదురుకుంటాయి. ఇలా వచ్చిపోయే మసక అద్దాల పవర్ మార్చుకున్నంత మాత్రాన పోదు.

ఈ పొరలో మూడు సరుకులు కలుస్తాయి. అడుగున కంటి తెల్లపొరలోని కణాలు విడిచే జిగురు. అది నీటిని కంటికి అంటుకునేలా చేస్తుంది. మధ్యలో కంటిగూటి పైభాగాన బయటివైపు ఉండే కన్నీటి గ్రంథి పంపే నీరు. నీరు, జిగురు విడివిడి అంతస్తుల్లా కాకుండా కలిసిపోయి పల్చటి జావలా ఉంటాయని ఇప్పుడు అనుకుంటున్నారు. వీటన్నిటికీ పైన పల్చగా పరుచుకునే నూనె. చారు మీద పోపు నూనె తేలినట్టు ఈ నూనె కన్నీటి మీద తేలుతూ నీరు ఆవిరైపోకుండా కాస్తుంది.

నూనె తయారయ్యే చోటు రెప్పల్లోనే ఉంది. పై రెప్పలో పాతిక నుంచి నలభై, కింది రెప్పలో ఇరవై నుంచి ముప్పై దాకా సన్నటి గ్రంథులు నిలువుగా, దువ్వెన పళ్లలా వరసకట్టి ఉంటాయి. జర్మనీ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ 1666లో వీటిని వర్ణించాడు కాబట్టి మైబోమియన్ గ్రంథులంటారు. వెంట్రుకలకు కాస్త లోపలగా, రెప్ప అంచున సూదిమొనంత రంధ్రాలతో ఇవి తెరుచుకుంటాయి. రెప్ప వాల్చినప్పుడల్లా ఆ రంధ్రాల్లోంచి చిటికెడు నూనె బయటికొస్తుంది, రెప్ప లేచేటప్పుడు కన్నంతా పరుచుకుంటుంది. డ్రై ఐ అని తేలినవాళ్లలో అత్యధికుల లోపం ఈ నూనె దగ్గరే ఉంటుంది. గ్రంథుల నోళ్లు మూసుకుపోవడమో, లోపలి నూనె చిక్కబడిపోవడమో జరిగి పైకప్పు లేకుండా పోయిన నీరు రెప్పపాటుకీ రెప్పపాటుకీ మధ్యే ఆవిరైపోతుంది.

ఇప్పుడు ఆ చీర చెంగు దగ్గరికి వద్దాం. మన శరీరంలో నరాల చివర్లు అత్యంత దట్టంగా ఉన్న చోట్లలో నల్లగుడ్డు ఒకటి. పొర చిరిగి గాలి తగలగానే ఆ నరాలు గగ్గోలు పెడతాయి. నలుసు పడ్డప్పుడు ఎలాగో అలాగే మెదడు కన్నీటి గ్రంథికి అత్యవసర ఆదేశం పంపుతుంది. ఒక్కసారిగా నీళ్లు వరదలా వస్తాయి. ఆ నీళ్లలో జిగురూ తక్కువే, నూనే తక్కువే. కంటిమీద నిలవకుండా చెంపమీదికి జారిపోతాయి. కాసేపటికి మళ్లీ పొడి, మళ్లీ గగ్గోలు, మళ్లీ వరద. కళ్లు కారడం కూడా పొడిబారడానికి ఒక గుర్తేనని డాక్టరు అనేది ఇందుకే. అయితే కారే కన్నులన్నీ పొడి కన్నులు కావు. కన్నీరు ముక్కులోకి దిగే గొట్టం మూసుకుపోయినా, రెప్ప వాలిపోయినా, వెంట్రుక లోపలికి తిరిగి గుచ్చుతున్నా నీళ్లు కారతాయి. ఏది ఎందుకో కంటి డాక్టరు చూసి తేల్చాలి.

పొర చిరగడంతో కథ ఆగిపోతే ఈ జబ్బు ఇంత మొండిది అయ్యేది కాదు. నీరు ఆవిరైపోయేకొద్దీ మిగిలిన కన్నీరు ఉప్పెక్కుతుంది, పొయ్యి మీద మరీ ఎక్కువసేపు మరిగిన పులుసు ఉప్పగా తయారైనట్టు. ఆ ఉప్పదనం పైపొర కణాలను గాయపరుస్తుంది. గాయపడ్డచోట వాపు వస్తుంది. వాపు వల్ల జిగురు విడిచే కణాలు చచ్చిపోతాయి, పొర మరింత తొందరగా చిరుగుతుంది. ఒకసారి ఈ గుండ్రం తిరగడం మొదలయ్యాక మొదటి కారణం తీసేసినా అది తనంతట తాను తిరుగుతూనే ఉంటుంది. లాప్‌టాప్ మానేసి నెల సెలవు పెట్టినా మంట పోలేదని కొందరు వాపోయేది అందుకే.

రెప్పకొట్టడం మర్చిపోయిన ఉద్యోగాలు

మామూలుగా మాట్లాడుతూ కూర్చుంటే నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప పడుతుంది. స్క్రీన్ మీద మనసు పెట్టి చదివేటప్పుడు ఆ లెక్క సగానికి, అంతకంటే కిందికి పడిపోతుంది. దాన్ని మించిన సమస్య సగం రెప్ప. ఫోన్ చూసేవాళ్ల మొహాన్ని పక్కనుంచి గమనిస్తే తెలుస్తుంది: పై రెప్ప సగం దాకా దిగి, కింది రెప్పను తాకకుండానే పైకి లేచిపోతుంటుంది. అలా పడ్డ రెప్పకు గ్రంథుల్లోంచి నూనె పిండే బలం ఉండదు. నల్లగుడ్డు కింది సగం గంటలకొద్దీ గాలికి ఆరిపోతుంటుంది.

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో దీనికి ఏసీ తోడవుతుంది. చల్లటి గాలిలో తేమ తక్కువ, పైగా వెంట్ సరిగ్గా మొహం మీదికి ఉంటుంది. స్క్రీన్ ఎత్తు సంగతి ఎవరూ పట్టించుకోరు. మానిటర్ కంటికన్నా ఎత్తులో ఉంటే కళ్లు పూర్తిగా విప్పార్చి చూడాలి, ఆవిరయ్యే జాగా పెరుగుతుంది. చూపు కాస్త కిందికి ఉంటే పై రెప్ప వాలి కన్నును కప్పి ఉంచుతుంది. మెడనొప్పి కోసమని లాప్‌టాప్‌ను పుస్తకాల దొంతర మీద ఎక్కించినవాళ్లు ఎత్తు మరీ పెంచలేదు కదా అని ఒకసారి చూసుకోవాలి. స్క్రీన్ పై అంచు కంటికి కాస్త దిగువన ఉంటే మెడకూ కంటికీ రాజీ కుదురుతుంది.

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తన కంప్యూటర్ రికార్డుల్లోని 14,58,830 మంది కొత్త రోగుల వివరాలను జల్లెడపట్టి 2019లో ఒక అధ్యయనం వెలువరించింది. వాళ్లలో డ్రై ఐ ఉందని తేలినవాళ్లు 21,290 మంది, అంటే 1.46 శాతం. పట్నవాసం, వృత్తి ఉద్యోగాలు, డబ్బున్న కుటుంబం, పెరిగే వయసు ఈ జబ్బు అవకాశాన్ని పెంచుతున్నట్టు కనిపించింది. శాతం చిన్నదే. కాకపోతే ఇది ఆసుపత్రి గుమ్మం ఎక్కి, జబ్బు పేరు రికార్డుకెక్కినవాళ్ల లెక్క. పొలంలో దుమ్ములో పనిచేసి కళ్లు మండుతున్నా "ఎండకు అంతేలే" అని చల్లనీళ్లు కొట్టుకుని ఊరుకున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు.

స్క్రీన్ పేరు చెప్పి కళ్లద్దాల షాపుల్లో నీలి వెలుగును ఆపుతాయంటూ బ్లూ కట్ అద్దాలు అంటగడుతున్నారు. వాటివల్ల కంటి అలసట తగ్గుతుందా అని 17 ప్రయోగాలను కలిపి చూసిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష 2023లో వచ్చింది. మామూలు అద్దాలతో పోలిస్తే కొద్దికాలంలో ప్రయోజనం కనిపించలేదని తేల్చింది. స్క్రీన్ నీలి వెలుగు కన్నుకు చేసే చెరుపు కన్నా, ఆ స్క్రీన్ ముందు మనం కొట్టని రెప్పలు చేసే చెరుపే ఎక్కువ. గంటకు రెండుమూడు సార్లు కళ్లు మెల్లగా మూసి, రెండు సెకన్లు ఆగి, కాస్త గట్టిగా అదిమి తెరవడం ఉచితమే. ఆ మాట షాపులో ఎవరూ చెప్పరు.

"వేడి చేసింది"

తెలుగిళ్లలో కళ్లు మండితే మొదటి తీర్పు ఒళ్లు వేడి చేసిందని. మాడుకు ఆముదం, గ్లాసుడు మజ్జిగ, మూసిన రెప్పల మీద నందివర్ధనం పూలు. ఇవేవీ హాని చేసేవి కావు. చల్లటి పూరేకులు పెట్టుకుని పావుగంట కళ్లు మూసుకుని పడుకుంటే హాయిగా ఉండక ఏం చేస్తుంది? ఆ పావుగంట కన్నీరు ఆవిరి కాదు, కన్ను సేదతీరుతుంది. గొడవల్లా పువ్వు రసం పిండి కంట్లో పోయడంతో మొదలవుతుంది. రోజ్ వాటర్, తేనె, చనుబాలు, ఆముదం చుక్క కూడా అంతే. సూక్ష్మజీవులు లేకుండా శుభ్రపరచని ఏ ద్రవమైనా చిరిగిన పైపొర ఉన్న కంట్లో పడితే పుండు పడే ప్రమాదం ఉంది. నల్లగుడ్డు మీద పడ్డ పుండు మానాక కూడా మచ్చ మిగులుతుంది.

కాటుక విషయం కాస్త దగ్గరగా చూడాలి. రెప్ప వెంట్రుకల బయట గీసే గీత వేరు. మన అలవాటు కింది రెప్ప లోపలి అంచున, తడిగా ఉండే గట్టు మీద వేలితో అద్దడం. నూనె గ్రంథుల రంధ్రాలు తెరుచుకునేది సరిగ్గా ఆ గట్టు మీదే. మైనం, మసి కలిసిన ముద్ద రోజూ వాటి నోళ్ల మీద పూస్తుంటే, రాత్రి కడగకుండా పడుకుంటే, అవి మూసుకుపోవడంలో వింతేముంది? కన్నును పెద్దదిగా చేసి చూపే స్లిట్ ల్యాంప్ కింద చూస్తే కన్నీటి పొర మీద నల్లటి రేణువులు తేలుతుంటాయి. కాటుక మానలేనివాళ్లు వెంట్రుకల వెలుపలే గీసుకుని, పడుకునే ముందు తుడిచేసుకుంటే గ్రంథులకు ఊపిరాడుతుంది.

పరీక్ష గదిలో

డ్రై ఐ పరీక్షల్లో చూడముచ్చటైనది పొర చిరిగే సమయాన్ని లెక్కించడం. ఫ్లోరెసిన్ అనే నారింజరంగు అద్దకమున్న కాగితపు ముక్కను తడిపి కింది రెప్పకు తాకిస్తారు. రెండుమూడు సార్లు రెప్ప కొట్టమని, తర్వాత కొట్టొద్దని చెప్పి నీలి వెలుగు వేస్తారు. నల్లగుడ్డంతా ఆకుపచ్చగా, కొత్తగా అలికిన నేలలా నున్నగా మెరుస్తుంది. డాక్టరు లోపల్లోపలే అంకెలు లెక్కపెడుతుంటారు. ఎక్కడో ఒకచోట ఆ పచ్చదనంలో చిన్న నల్లమచ్చ విచ్చుకుంటుంది. పొర అక్కడ చిరిగిందన్నమాట. పది సెకన్లు దాటాక చిరిగితే మామూలు. కొందరికి మూడు అనేలోపే నాలుగైదు చోట్ల విచ్చుకుంటుంది.

నీరు ఎంత ఊరుతోందో తెలియడానికి వేరే పరీక్ష ఉంది. జర్మనీ వైద్యుడు ఒట్టో షిర్మర్ 1903లో కనిపెట్టిన పద్ధతి ఇప్పటికీ చెలామణిలో ఉంది. 5 మిల్లీమీటర్ల వెడల్పు, 35 మిల్లీమీటర్ల పొడవున్న వడకట్టు కాగితం చివర మడిచి కింది రెప్పకు తగిలిస్తారు. అయిదు నిమిషాల్లో తడి ఎంతదూరం పాకిందో కొలుస్తారు. 10 మిల్లీమీటర్లు దాటకపోతే అనుమానం, 5 లోపే ఆగిపోతే కన్నీటి గ్రంథి మొరాయించినట్టే. ఇక రెప్ప అంచును వేలితో అదిమి నూనె ఎలా వస్తోందో చూడటం అన్నిటికన్నా చవకైన పరీక్ష. ఆరోగ్యంగా ఉంటే తేటగా వంటనూనెలా వస్తుంది. జబ్బు ముదిరితే టూత్‌పేస్టులా తెల్లగా తీగ సాగుతుంది, లేదా ఏమీ రాదు. ఈ ఒక్క పనీ చేయకుండా చుక్కలు రాసిస్తే ఆ చీటీ సగమే రాసినట్టు.

కంట్లోకి చూసినంత మాత్రాన తెలియని కారణాలూ ఉంటాయి, అందుకే ఒంట్లోని మిగతా సంగతులు డాక్టరుకు చెప్పాలి. జలుబుకు, దురదలకు వాడే సెట్రిజిన్ లాంటి మాత్రలు, మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్, నిద్రకూ నొప్పులకూ ఇచ్చే అమిట్రిప్టిలిన్ కళ్లను పొడిబారుస్తాయి. గ్లకోమాకు (నీటికాసులకు) ఏళ్ల తరబడి వేసుకునే చుక్కల్లో, క్రిములు చేరకుండా కలిపే ప్రిజర్వేటివ్ కూడా అంతే. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లలో హార్మోన్లు తగ్గి నూనె గ్రంథులు నీరసిస్తాయి. షుగర్ ముదిరినవాళ్లలో నల్లగుడ్డు నరాలు మొద్దుబారి, కన్ను ఎండిపోతున్నా మంట తెలియదు. మంట లేకపోవడం ఇక్కడ శుభవార్త కాదు. కళ్లద్దాలు వదిలించుకోవడానికి చేసే లాసిక్ ఆపరేషన్‌లో నల్లగుడ్డు నరాలు కొన్ని తెగుతాయి కాబట్టి మొదటి నెలల్లో పొడితనం మామూలే, చాలామందిలో క్రమంగా తగ్గుతుంది. పెళ్లిచూపులకో, పోలీసు ఉద్యోగానికో తొందరపడి లాసిక్‌కు వెళ్లేవాళ్లు ముందే పొడి కన్ను ఉందేమో చూపించుకుని, ఉంటే దానికి వైద్యం అయ్యాకే కత్తి కిందికి వెళ్లడం తెలివైన పని.

కళ్లతోపాటు నోరు కూడా ఎండుతోందంటే ఆలోచన మారాలి. చెగోడీనో, ఎండు రొట్టెనో మింగడానికి ప్రతి ముద్దకూ నీళ్లు కావాలి, పళ్లు పుచ్చిపోతున్నాయి, కీళ్లు నొప్పి. స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో తన సిద్ధాంత గ్రంథంలో వివరించిన, ఆయన పేరుతోనే పిలిచే షోగ్రెన్ జబ్బు కావచ్చు. శరీరం తన కన్నీటి, లాలాజల గ్రంథుల మీద తానే దాడి చేసుకుంటుంది. బాధితుల్లో పది మందికి తొమ్మిది మంది దాకా ఆడవాళ్లే. ఇందులో నీరే తక్కువ, కంటి డాక్టరుతోపాటు కీళ్లవాతం డాక్టరు కూడా చూడాలి. పొడి కళ్లు కదా అని ఏళ్లకేళ్లు చుక్కలతో నెట్టుకొచ్చి, ఊపిరితిత్తులో కిడ్నీలో దెబ్బతిన్నాక అసలు జబ్బు బయటపడిన సందర్భాలు వైద్యులకు కొత్త కాదు.

పేరుకున్న నెయ్యి

నూనె లోపానికి వైద్యం వంటింటి తెలివితో అర్థమవుతుంది. చలికాలం నెయ్యి గిన్నె బోర్లించినా పడదు. వేణ్నీళ్లలో కాసేపు ఉంచితే కరిగి జారుతుంది. రెప్పల్లో పేరుకున్న నూనెకూ అంతే. రెప్పకు సుమారు 40 డిగ్రీల వెచ్చదనం, ఎనిమిది పది నిమిషాల పాటు తగలాలి. వేడినీళ్లలో ముంచిన గుడ్డ రెండు నిమిషాల్లోనే చల్లారిపోతుంది. దాన్నే కంటిమీద ఉంచుకుని పది నిమిషాలు పూర్తయిందనుకుంటే లోపలి నెయ్యి కదలదు. మూడునాలుగు గుడ్డలు మార్చాలి, లేదా వేడి నిలుపుకునే గింజల సంచి, ఐ మాస్క్ లాంటివి వాడాలి. ముందు మణికట్టు లోపలివైపు తాకించి చూసుకుంటే చాలు, కాలితే కంటికీ కాలుతుంది.

వెచ్చదనం తర్వాత పిండటం. పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందనుంచి పైకి, వేలికొసతో వెంట్రుకల వైపు మెల్లగా నిమరాలి. కనుగుడ్డును నొక్కకూడదు. తర్వాత రెప్ప అంచున చుండ్రులా పేరుకున్న పొలుసులను రెప్పలకోసమే అమ్మే తడి వైప్స్‌తో తుడవాలి. రోజుకు రెండుసార్లు, వారాల తరబడి. విసుగొచ్చే పనే. పళ్లు తోముకోవడం లాంటి అలవాటుగా మారితే తప్ప నిలవదు, చుక్కల సీసా అంత హుందాగా కూడా కనిపించదు. ఓపీ చీటీలో చివరి లైనుగా, డాక్టరు లేచి నిలబడుతూ చెప్పే మాటగా మిగిలిపోవడం దీని దురదృష్టం. ఇంటి పద్ధతితో లొంగకపోతే డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు ఇస్తారు. ఇక్కడ వాటి పని వాపు తగ్గించి నూనెను పల్చబరచడం. గర్భిణులకు, చిన్నపిల్లలకు డాక్సీసైక్లిన్ పనికిరాదు. పెద్ద ఆసుపత్రుల్లో రెప్పలకు యంత్రంతో వేడి పెట్టి పిండటం, చెంపల మీద కాంతి మెరుపులు కొట్టడం వంటి ఖరీదైన వైద్యాలూ వచ్చాయి. ఆ మెరుపుల వెలుగును నల్లటి చర్మం ఎక్కువగా పీల్చుకుని కాలే, మచ్చలు పడే అవకాశం ఉంటుంది. చామనఛాయ దాటినవాళ్లు డబ్బు కట్టే ముందు ఆ ప్రశ్న అడగాలి.

ఇక చుక్కలు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, హైప్రొమెలోస్, సోడియం హైలురోనేట్ లాంటివి కన్నీటికి బదులుగా కాసేపు తడి నిలిపి, ఉప్పదనాన్ని పలచబరుస్తాయి. ఒక చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది. కంట్లో ఉండే కన్నీరు ఏడే అని ముందు చెప్పుకున్నాం. అంటే ఒక చుక్కలోనే ముప్పావు వంతు చెంపమీదికి పోతుంది. మూడు చుక్కలు వేసుకుంటే మూడు రెట్లు గుణం రాదు, సీసా మూడు రెట్లు తొందరగా అయిపోతుంది.

సీసా మూత తీసిన దగ్గర్నుంచి క్రిములు చేరకుండా అందులో ప్రిజర్వేటివ్ కలుపుతారు. బెంజాల్కోనియం క్లోరైడ్ అందులో ముఖ్యమైంది. క్రిమిని చంపే గుణమే కంటి పైపొర కణాలనూ గాయపరుస్తుంది. రోజుకు నాలుగుసార్లకు మించి వేసుకోవాల్సివస్తే ప్రిజర్వేటివ్ లేనివే మేలు. అవి ఖరీదు ఎక్కువ, ఒక్కసారి వాడి పారేసే బుల్లి గొట్టాల్లో వస్తాయి. పొద్దున తెరిచిన గొట్టాన్ని పొదుపుగా మర్నాటిదాకా దాచుకునేవాళ్లు ఒక ఘటన గుర్తుంచుకోవాలి. తమిళనాడులో తయారై అమెరికాకు వెళ్లిన ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీళ్ల సీసాలను 2023 ఫిబ్రవరిలో వెనక్కి పిలిచారు. మందులకు లొంగని సూడోమోనాస్ బ్యాక్టీరియా 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది. నలుగురు చనిపోయారు, 14 మంది చూపు కోల్పోయారు, నలుగురికి కంటిగుడ్డే తీసేయాల్సి వచ్చింది. తయారీలో శుభ్రత తప్పితే ఎంతకు దారితీస్తుందో చెప్పడానికి ఇంతకన్నా అక్కర్లేదు. సీసా మొన కంటికో వేలికో తాకించడం, తెరిచిన సీసాను నెల దాటి వాడటం ఆ ప్రమాదాన్ని ఇంట్లోనే తయారుచేసుకోవడం.

మెడికల్ షాపులో "కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏదైనా చుక్కలివ్వు" అంటే చేతికొచ్చేది చాలాసార్లు స్టెరాయిడ్, యాంటీబయాటిక్ కలిసిన మందు. రెండో రోజుకే మంట, ఎరుపు మాయం. అందుకే మళ్లీ మళ్లీ కొంటారు. స్టెరాయిడ్ నెలల తరబడి పడితే కంటిలోపలి ఒత్తిడి పెరిగి గ్లకోమా, లెన్స్ మసకబారి శుక్లం వస్తాయి. గ్లకోమాతో పోయిన చూపు తిరిగిరాదు. వాపు గుండ్రాన్ని ఆపడానికి డాక్టర్లు కూడా స్టెరాయిడ్ ఇస్తారు, రెండుమూడు వారాలకు, ఒత్తిడి కొలుస్తూ. తేడా అదే.

దీర్ఘకాలం వాపును అణచడానికి సైక్లోస్పోరిన్ చుక్కలున్నాయి. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఇచ్చే మందే, కంటికి పల్చగా చేసి 2002లో అమెరికా ఆమోదించింది. వేసుకోగానే మండుతుంది. పూర్తి ఫలితం కనిపించడానికి మూడు నెలలైనా పడుతుంది. ఈ రెండు మాటలు ముందే చెప్పకపోతే పదిహేనో రోజున మానేయడం ఖాయం. నీరే తక్కువైనవాళ్లకు కన్నీరు ముక్కులోకి జారిపోయే చిన్న రంధ్రాలకు బిరడాలు పెడతారు, చేను గట్టుకు పడ్డ గండి పూడ్చినట్టు. వాపు తగ్గించకుండా గండి పూడిస్తే చెడ్డనీరే నిలవ ఉంటుంది, కాబట్టి వరస ముఖ్యం. చేపనూనె గుళికల మీద ఉన్న నమ్మకానికి మాత్రం 2018లో గట్టి దెబ్బ తగిలింది. 535 మందితో అమెరికాలో ఏడాదిపాటు చేసిన ప్రయోగంలో రోజుకు 3,000 మిల్లీగ్రాముల ఒమేగా-3 తీసుకున్నవాళ్లకూ, పోలిక కోసం ఆలివ్ నూనె గుళికలు మింగినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చేపల పులుసు తినొచ్చు, కళ్లకోసమని గుళికలకు ఖర్చుపెట్టనక్కర్లేదు.

కన్నే తోలుగా మారితే

మంట, మసకలతో ఆగే పొడితనం ఒకటైతే, కన్నును నిజంగానే ఎండగట్టేవి ఉన్నాయి. విటమిన్-ఎ లోపం అందులో పాతకాపు. రేచీకటితో మొదలై, తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు పడి, చివరికి నల్లగుడ్డు కరిగిపోయేది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆసరాతో 1970లో దేశమంతా పసిపిల్లలకు విటమిన్-ఎ ద్రావణం పట్టడం మొదలైంది. అంగన్‌వాడీలో ఆరు నెలలకోసారి చెంచాతో పోసేది అదే.

రెండోది స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్. మూర్ఛకు వాడే కార్బమజెపిన్, ఫెనిటోయిన్, ఇంకా సల్ఫా మందుల లాంటివి కొద్దిమందికి పడక ఒళ్లంతా బొబ్బలెక్కుతుంది. ప్రాణం దక్కించే హడావుడిలో కళ్ల సంగతి వెనకబడుతుంది. మొదటి వారంలోనే కంటిమీద ఉమ్మనీటి పొర (కడుపులో బిడ్డను చుట్టి ఉండే సంచి పొర) కప్పితే చాలావరకు కాపాడొచ్చు. ఆలస్యమైతే జిగురు కణాలు, గ్రంథులు మచ్చపడిపోయి, గరుకెక్కిన రెప్ప అంచు ప్రతి రెప్పపాటుకూ నల్లగుడ్డును ఉప్పుకాగితంలా గీరుతుంది. ఇలాంటివాళ్లకు పెదవి లోపలి తడిపొర ముక్క తీసి రెప్ప అంచుకు అతకడం, నల్లగుడ్డును తాకకుండా దాని మీద సెలైన్ నింపిన గోపురంలా నిలిచే స్క్లీరల్ లెన్స్ పెట్టడం హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ సంస్థలో జరుగుతున్నాయి. చిన్న గిన్నెలాంటి ఆ లెన్స్‌లో సెలైన్ నింపి, తల వంచి, గాలిబుడగ చిక్కకుండా పెట్టుకోవడం నేర్పడానికే రోజులు పడుతుంది. పెట్టుకున్నాక కన్ను పగలంతా నీటిలోనే ఉంటుంది.

వీటికి పూర్తి ఎదురుగా నిలిచే రోగి ఇంకొకరు ఉంటారు. రంగు వేసి చూస్తే నల్లగుడ్డు మచ్చ లేకుండా ఉంటుంది, షిర్మర్ కాగితం చక్కగా తడుస్తుంది, అయినా కళ్లు భగ్గున మండుతున్నాయంటారు. ఇంట్లోవాళ్లు టెన్షన్ అంటారు, కొందరు డాక్టర్లూ అదే అంటారు. అప్పుడు మొద్దుబార్చే చుక్క ఒకటి వేసి చూడాలి. మంట ఠక్కున ఆగిపోతే గొడవ కంటి పైపొరలో ఉంది. చుక్క పడ్డా మంట అలాగే ఉంటే, ఏనాడో గాయపడ్డ నరాలు తప్పుడు సంకేతాలు పంపడం నేర్చుకున్నాయన్నమాట. అలాంటివాళ్లకు ఎన్ని రకాల కన్నీళ్లు మార్చినా లాభం లేదు, నరాల నొప్పికి వాడే మాత్రలు కావాలి. ఆ మొద్దుబార్చే చుక్క మాత్రం పరీక్ష గది దాటి ఇంటికి రాకూడదు. హాయిగా ఉంది కదా అని ఎవరైనా అడిగి తెచ్చుకుని వేసుకుంటే నల్లగుడ్డు నొప్పి తెలియకుండానే కరిగిపోతుంది.